తల్లీబిడ్డల నోటు

పన్నెండూ పది. తాక్ ముంగ్యు చేతి గడియారం చూసుకున్నాడు. నేనూ చూశాను. టైము కోసం కాదు, గడియారం కోసం. కిందటి నెల ప్రమోషన్ వచ్చినప్పుడు కొనుక్కున్నట్టున్నాడు.

"ఒంటిగంటకి బయల్దేరతాం అక్కగారూ. అమ్మాయిని హెడ్డాఫీసుకి తీసుకుపోతాను. మీకీ తలనొప్పి వదిలిపోతుంది."

"నాకు తలనొప్పి లేదే."

"వస్తుందిగా, నేనింకా ఇక్కడే ఉంటే," అని నవ్వాడు.

పోలీసు ట్రైనింగులో నాకంటే మూడు బ్యాచ్‌లు చిన్నవాడు. అప్పట్లో నేను చెబితే నా బూట్లు పాలిష్ చేసేవాడు. ఇప్పుడు నాకంటే రెండు మెట్లు పైనున్నాడు. 'అక్కగారూ' అనే పిలుపు మాత్రం మానలేదు. ఇదివరకు అందులో మర్యాద ఉండేది, ఇప్పుడు నా వయసు మాత్రమే ఉంది. నాకు అసూయేమీ లేదు. అతని చొక్కా ఇస్త్రీ మడత చూసినప్పుడల్లా కడుపులో కాస్త మండుతుంది, అంతే. దానికి మాత్ర వేసుకుంటున్నాను.

అమ్మాయంటే మో సెర్యోన్. ముప్పై నాలుగేళ్ళు. పొద్దున్న పదింటికి ఈ కాఫీ హోటల్‌కి యజమానురాలైంది, పన్నెండు కాకుండానే నిందితురాలైంది. మూడు బల్లల అవతల గోడవైపు తిరిగి, పదకొండు నెలల కొడుకు హంగ్యోల్‌కి పాలిస్తోంది. పక్కన ఆడ కానిస్టేబులు ఎటు చూడాలో తెలియక మెనూ బోర్డు చదువుతోంది.

జరిగింది ఇంత. ఇది రెండంతస్తుల ఇల్లు. పైన సెర్యోన్ అత్తగారు హామ్ యోన్‌బున్ గది. డెబ్బై ఎనిమిదేళ్ళావిడ, పాత నోట్లు పోగుచేసి గోడలకి తగిలించి చూడవచ్చినవాళ్ళకి చూపిస్తుంది. కింది వాటాలో చిన్నకోడలు కాఫీ హోటల్ పెట్టుకుంది. పదింటికి గోసా, కొత్త కొట్టు తెరిచేటప్పుడు కొరియాలో చేసే పూజ, జరిగింది. పంది తల ముందు బియ్యపు కల్లు పోసి, దండాలు పెట్టి, దాని దవడల్లో, ముక్కుల్లో, చెవుల్లో తలో నోటు దోపి, వ్యాపారం బాగుండాలని మొక్కారు. పదీ ఇరవైకి పెద్దావిడ పైకెళ్ళింది. పదీ నలభైకి సెర్యోన్ పైకెళ్ళి ఐదు నిమిషాల్లో దిగింది. పదకొండూ పదికి వెనక మెట్ల దగ్గర పెద్ద చప్పుడు. పరిగెత్తి చూస్తే పెద్దావిడ మెట్ల కింద పడి ఉంది. తలకి దెబ్బ, స్పృహ లేదు, జబ్బ మీద ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు ఐదు వేళ్ళ గుర్తులు. పక్కన వెనక చెక్క ఊడదీసిన ఫ్రేము, ఖాళీగా. అద్దం మీద సెర్యోన్ బొటనవేలి ముద్ర. చప్పుడైనప్పుడు ఆవిడ హాల్లో లేదు.

పోయిన నోటు 1962 నాటి వంద హ్వాన్లది. అప్పటి మన డబ్బు పేరు హ్వాన్. దాని మీద రాజు లేడు, పండితుడు లేడు. ఓ మామూలు తల్లి, పక్కన ఆవిడ కొడుకు, ఇద్దరూ పొదుపు పుస్తకం చూసుకుంటూ ఉంటారు. మన నోట్ల మీదికెక్కిన మామూలు మనుషులు వాళ్ళిద్దరే. వాళ్ళూ నెల తిరక్కుండానే దిగిపోయారు. ప్రభుత్వం డబ్బంతా మార్చేసి, పాత నోట్లు బ్యాంకుల్లో ఇచ్చెయ్యమంది. అందరూ క్యూ కట్టి ఇచ్చేశారు. ఇవ్వనివాళ్ళని అప్పుడు పిచ్చివాళ్ళన్నారు.

"పైకెళ్ళి చూసొస్తాను," అన్నాను.

"నేను చూశానుగా."

"మీరు చూశారు కాబట్టే."

తాక్ నా వెనకే మెట్లెక్కాడు, నేనేం ముట్టుకుంటానోనని.

గది శుభ్రంగా ఉంది. ఎదురుగా గోడ మీద పైన యాభైవేల నోటు, సరిగ్గా దాని కింద ఐదువేల నోటు. పైన ఐదొందల ఏళ్ళనాటి చిత్రకారిణి షిన్ సైమ్‌దాంగ్, కింద ఆవిడ కొడుకు, మహాపండితుడు యుల్‌గోక్. తల్లి విలువ కొడుక్కి పదిరెట్లు. ఆ తల్లీకొడుకులు పుట్టింది మా గంగ్‌నుంగ్‌లోనే కాబట్టి ఈ ఊళ్ళో ప్రతి తల్లీ తను సైమ్‌దాంగే అనుకుంటుంది. కొడుకు యుల్‌గోక్ కాకపోతే ఆ తప్పు కొడుకుది, లేకపోతే కోడలిది. యాభైవేల నోటు కొత్తగా వచ్చిన ఏడాది మా అత్తగారు నాకొకటి ఇచ్చి, "ఏడుగురిని పెంచింది, బొమ్మలు వేసింది, చూసి నేర్చుకో," అంది. నేను చూసి, చేపలు కొన్నాను.

ఐదువేల నోటు కింద ఒక సర్టిఫికెట్టు వేలాడుతోంది. చిన్నకొడుకు ప్రభుత్వ ఉద్యోగ పరీక్ష పాసైనది. ఆ పక్కన గోడ మీద చిన్న తెల్లటి చదరం. ఏళ్ళ తరబడి ఉన్న ఫ్రేము తీస్తే మిగిలే మచ్చ.

దాని ముందు ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బాంగ్ ఇన్‌హో, అరవై ఐదేళ్ళు, పాతనోట్ల సంఘం కార్యదర్శి. శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"మీ దగ్గరా ఆ నోటు ఉందటగా?" అన్నాను.

"ఉంది. దానికి మడత ఉంది. సరిగ్గా తల్లి మొహం మీద."

"ఆవిడ నోటుకి?"

"లేదు." పన్ను పీకించుకున్నవాడిలా చెప్పాడు.

"ఎన్నాళ్ళుగా అడుగుతున్నారు?"

"ముప్పై ఏళ్ళు. ప్రతి కొత్త సంవత్సరానికీ వచ్చి సాష్టాంగపడి అడిగేవాణ్ణి. ఆవిడ నన్ను దీవించి, కొత్త వెయ్యి నోటొకటి చేతిలో పెట్టి పంపేది. చంటిపిల్లాడికి ఇచ్చినట్టు! నాకు మోకాళ్ళు అరిగాయి ఇన్‌స్పెక్టర్‌గారూ. నా దగ్గర అలాంటి వెయ్యి నోట్లు ముప్పై ఉన్నాయి."

"అవి మడత లేనివేనా?"

"ఒక్కటీ మడవలేదు," అన్నాడు, కాస్త గర్వంగానే.

"పొద్దున్న ఎక్కడున్నారు?"

"పదీ పదికి వచ్చాను. దండం పెట్టాను, నోటు పెట్టాను, మున్సిపల్ ఆఫీసు గుమాస్తా పక్కన కూర్చున్నాను. పదకొండూ పది దాకా వాళ్ళమ్మాయి పెళ్ళి కథ విన్నాను. కావాలంటే అప్పజెప్తాను."

"వద్దు, వద్దు," అన్నాడు తాక్. "గుమాస్తా నాకూ చెప్పాడు. అక్కగారూ, ఈయన్ని నేను ఎప్పుడో వదిలేశాను."

"నోటు మనవడికి ఇవ్వబోతున్నారని మీకు తెలుసా?" అని బాంగ్‌ని అడిగాను.

ఆయన మొహం నల్లబడింది. "ఆదివారం చెప్పింది, అందరి ముందూ. వచ్చే నెల వాడి మొదటి పుట్టినరోజు బల్ల మీద పెడుతుందట. దారం, కుంచె, పుస్తకం, వాటి పక్కన ఆ నోటు! వాడు ఏది పట్టుకుంటే అది వాడి రాత అట. పట్టుకోవడమంటే ఏమిటో తెలుసా మీకు? పిల్లలు నలుపుతారు, నోట్లో పెట్టుకుంటారు! పదకొండు నెలల వెధవ. ఇంకా నాలుగు పళ్ళు రాలేదు, మడత లేని నోటు వచ్చింది."

"పెద్దకొడుకు ఏమన్నాడు?"

"గితేకా? ఏమంటాడు పాపం. వాడు ఈ ఇంట్లో ఏదైనా అన్నదెప్పుడు? యుల్‌గోక్ తొమ్మిది పరీక్షల్లో మొదటివాడు, గితేక్ తొమ్మిదిసార్లు పరీక్ష తప్పాడు. ఊళ్ళో పిల్లలు కూడా పాటలా పాడేవాళ్ళు. నవ్వుతూ తల వంచుకున్నాడు. మంచివాడు. ఇప్పుడూ ఆస్పత్రిలో తల్లి దగ్గర వాడే ఉన్నాడు."

ఫ్రేము సాక్ష్యాల సంచీలో ఉంది. సంచీ తాక్ చేతిలో ఉంది. వెనక చెక్కకి కొత్తగా అంటించిన చీటీ కనిపించింది: 'హంగ్యోల్ మొదటి పుట్టినరోజుకి, నాయనమ్మ.' బంక ఇంకా పూర్తిగా ఆరలేదు. దాని అంచున అడుగు నుంచి మరో పాత కాగితం తొంగి చూస్తోంది.

"ఆ చీటీ కింద ఇంకోటుంది," అన్నాను.

"చీటీ కింద చీటీ, దాని కింద చెక్క, దాని కింద గోడ. ఇలా పోతే మనం ఒంటిగంటకి చైనాలో తేలతాం," అని తాక్ సంచీ చంకలో పెట్టుకున్నాడు. "మనవడికి ఇవ్వాల్సిందాన్ని తల్లి ఎందుకు దొంగిలిస్తుందని కదా మీ అనుమానం? ముసలావిడ మనసు మార్చుకుంది. పదీ నలభైకి 'చెయ్యి తీయ్' అని అరిచింది. పెద్దకోడలు కింది నుంచి విన్నది. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో తెలుసుకోడానికి కిందికి దిగాను. పన్నెండూ ఇరవై రెండు.

సెర్యోన్ కొడుకుని భుజం మీద వేసుకుని వీపు నిమురుతోంది.

"అత్తగారు నీ మీద అరిచారా?"

"అరిచారండీ. నా చేతికి నూనె ఉందని."

"నూనేమిటి?"

"పూజ అయ్యాక గుమ్మడికాయ అట్లు పోశాను. మధ్యలో గుర్తొచ్చి ఫ్రేము తేవడానికి పైకెళ్ళాను, ఈ గోడకి తగిలిద్దామని ఆవిడే అన్నారు పొద్దున్న. గుడ్డ కప్పి ఉంది. కాస్త తొలగించాను, అద్దం మీద వేలు పడింది. 'నూనె చెయ్యి! తీయ్! నేనే తెస్తాను పో' అన్నారు. ఇంతలో కింద వీడి ఏడుపు వినపడింది, పరిగెత్తాను."

"లోపల నోటు చూశావా?"

"ఫ్రేము అంచే కనపడిందండీ. నోటు చూడలేదు."

"చూడలేదట! విన్నారా అక్కగారూ, చూడలేదట!" తాక్ చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ.

సెర్యోన్ అతనివైపు తిరిగింది. "సార్, నన్ను తీసుకెళ్తే వీడి సంగతేమిటి? డబ్బా పాలు ముట్టడు. వాళ్ళ నాన్న ఉద్యోగం చేసే సెజోంగ్ ఊరి నుంచి వచ్చేసరికి సాయంత్రమవుతుంది."

"పెద్దమ్మ ఉందిగా."

వంటింట్లో కత్తి నూరుతున్న చప్పుడు వినిపించింది. సెర్యోన్ బిడ్డని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "అక్క దగ్గరా?" అంది, చాలా చిన్న గొంతుతో.

వంటింట్లో పెద్దకోడలు హ్యాంగ్‌సుక్ పంది తలని కోతపీట మీద పెట్టుకుని నిలబడి ఉంది. యాభై నాలుగేళ్ళు. పక్క వీధిలో టోఫు హోటల్ ఆవిడదే. చేతులు సోయాబీన్ నీళ్ళలో నాని నాని తెల్లబడిపోయాయి.

"ఇప్పుడా కోసేది?" అన్నాను.

"చల్లారిపోయిందండీ. ఇంకాసేపైతే కొవ్వు గడ్డకట్టి ఎవరికీ పనికిరాదు. పూజ చేసిన తల ఇరుగుపొరుగుకి పంచకపోతే మంచిది కాదు."

"మీకు సెర్యోన్ అంటే పడదా?"

కత్తి ఆగింది. "పడుతుంది. ఎందుకు పడదు? ఇరవై ఎనిమిదేళ్ళు ఈ ఇంటికి టోఫు పిండాను. నేను కాపరానికొచ్చినప్పుడు అత్తయ్యగారు నాకిచ్చింది ఐదువేల నోటు. తర్వాత కొత్త ఐదువేల నోటు వచ్చినప్పుడు మళ్ళీ ఒకటి ఇచ్చి, తిరగేసి వెనక పుచ్చకాయ బొమ్మ చూపించి, 'ఎన్ని గింజలో చూడు, కడుపు పండటమంటే అదీ' అన్నారు. మాకప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. ఆ గింజలు లెక్కలోకి రావన్నమాట. అది కాపరానికి రాగానే యాభైవేలది, ద్రాక్షగుత్తి బొమ్మది. ఇప్పుడు కొడుకు పుట్టాడని ఆ పాత నోటు కూడా. ఎందుకండీ పడదు నాకు? బ్రహ్మాండంగా పడుతుంది."

"మెట్ల మీంచి తోసేంతగానా?"

"నాకంత తీరికుంటే నా జుట్టుకి రంగేసుకుందును."

ఆవిడ పంది దవడలోంచి నోటొకటి లాగబోయింది. తాక్ వెతికించానని చెప్పిన చోట్ల జాబితాలో హాలుంది, మెట్లున్నాయి, నోట్ల గదుంది. పంది తల లేదు. ఎవరూ దీని మొహం చూడలేదన్నమాట.

"ఆగండి. నోట్లు ఇంకా తియ్యలేదా?"

"ఎవరు తీస్తారు ఆ గోలలో? ఆయనైతే మొత్తం పారెయ్యమన్నారు."

"ఎవరు?"

"మా ఆయన. ఆస్పత్రి నుంచి ఫోన్ చేశారు. అశుభం జరిగింది, తల ఇంట్లో ఉంచొద్దు, సముద్రంలో పడెయ్యి అన్నారు. నోట్లతో సహా అట! నోట్లతో సహా పారేస్తే కళ్ళు పోవూ? కడిగి ఆరేద్దామనుకున్నాను."

"ఒక్కసారే చేశారా?"

"మూడుసార్లు."

తల్లి స్పృహ లేకుండా పడి ఉంటే, కొడుకు మూడుసార్లు ఫోన్ చేసి పంది తల గురించి అడిగాడు. నేను చేతికి తొడుగులు వేసుకున్నాను.

తాక్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "పందిని కూడా విచారిస్తారా అక్కగారూ? లాయరు కావాలేమో అడగండి."

"అక్కర్లేదు. నవ్వు చూస్తే దానికీ ఈ మధ్యే ప్రమోషన్ వచ్చినట్టుంది."

ఆడ కానిస్టేబులు దగ్గింది. నా కడుపులో మంట కొంచెం తగ్గింది.

మొదట చెవులు. రెండు వెయ్యి నోట్లు, చుట్టచుట్టి. ముక్కుల్లో చెరో పదివేల నోటు, సెజోంగ్ రాజు తలకిందులుగా ఊపిరాడక ఉన్నాడు. గడ్డం కింద పళ్ళెంలో ఒక యాభైవేల నోటు, చుట్టలేదు, మడవలేదు, ఒక మూల కూడా కొవ్వుకి తగలకుండా పడుకోబెట్టి ఉంది. అదెవరిదో అడగక్కర్లేదు.

తర్వాత దవడలు. ఇది ఉడికించిన వాళ్ళకే తెలుస్తుంది: వేడి తలలో దోపిన కాగితం కొవ్వు తాగుతుంది, చల్లారిన తలలో దోపింది తాగదు. పైపైన ఉన్న నాలుగు నోట్లకి అంచులు మాత్రమే తెల్లగా మైనంలా గట్టిపడ్డాయి. వాటి వెనక ఉన్న యాభైవేల నోటు సగం దాకా తడిసింది.

"ఇదెవరిది?"

"అత్తయ్యగారిది," అంది హ్యాంగ్‌సుక్. "సరిగ్గా పదింటికి మొదటి దండం ఆవిడే పెట్టారు. మొదటి నోటు ఆవిడదే. మేమంతా తర్వాత."

"మొదటిది ఇదైతే, దీని వెనక ఏమీ ఉండకూడదు."

"ఉండదు."

నేను పట్టకారు తీసుకున్నాను. నోరు తెరిచి ఉండటానికి పెట్టిన ముల్లంగి ముక్కని లాగాను. దాని వెనక, గొంతులో, ఇంకో చుట్ట ఉంది. కొవ్వు పూర్తిగా ఇంకిపోయి, నలిగిన ఆకులా అంటుకుపోయింది. పళ్ళెంలో పెట్టి మెల్లగా విప్పాను. కాగితం అద్దంలా పారదర్శకమైపోయింది. మధ్యలో ఓ తల్లి. పక్కన కొడుకు. ఇద్దరి మీదుగా చీలిక.

తాక్ వెనక నుంచి ఒక మూలుగు వినిపించింది. బాంగ్ ఇన్‌హో మా వెనకే వచ్చి చూస్తున్నాడు. మోకాళ్ళ మీద కూలబడిపోయాడు. నిజంగా ఏడ్చాడు, వెక్కి వెక్కి.

"ఎవడు చేశాడమ్మా ఇది... మడత లేదు దానికి... ఒక్క మడత లేదు..."

హ్యాంగ్‌సుక్ మంచినీళ్ళిచ్చింది. గుటక వేసి, ముక్కు తుడుచుకుని, ఏడుస్తూనే, "అయితే... ఇప్పుడు నాదే మంచిది," అన్నాడు.

తాక్ వైపు తిరిగాను. "ఈయన్ని వదిలేసి మంచి పని చేశారు. ఈయన మనిషినైనా తోస్తాడేమో గానీ ఆ నోటుని నలపలేడు. డబ్బు కోసం తీసినవాళ్ళూ నలపరు. పంది గొంతులో కుక్కినవాళ్ళకి అది అక్కర్లేదు. ఇంకొకరికి దక్కకూడదు, అంతే."

"సెర్యోన్ కుక్కి ఉండొచ్చుగా? పదీ నలభైకి తీసి, కిందికొచ్చి—"

"అప్పటికి దీని ముందు ఐదు నోట్లున్నాయి, చుట్టూ పదిహేను మంది ఉన్నారు. ఇది పెద్దావిడ నోటుకి వెనక ఉంది. అంటే పదికి ముందే, తల పొగలు కక్కుతున్నప్పుడే లోపలికెళ్ళింది. సెర్యోన్ పొద్దున్న ఎప్పుడొచ్చింది? మీ కాగితంలోనే ఉంది, చదవండి."

తాక్ కాగితం తీశాడు. చదవడం ఇష్టం లేనట్టు చదివాడు. "తొమ్మిదీ నలభై ఎనిమిదికి వాళ్ళ అపార్టుమెంటు లిఫ్టు కెమెరాలో బిడ్డతో సహా ఉంది. పదికి ఒక నిమిషం ముందు ఇక్కడికి చేరింది. అందరూ చూశారు."

"మీరు?" అని హ్యాంగ్‌సుక్‌ని అడిగాను.

"నేను ఆవిరి కుడుముల కోసం పిండిమిల్లు దగ్గర ఉన్నాను. పదికి పది నిమిషాల ముందు వచ్చాను. వచ్చేసరికి అత్తయ్యగారు బల్ల దగ్గరే కూర్చుని పళ్ళు పేరుస్తున్నారు. అక్కణ్ణించి కదల్లేదు."

"తల ఎన్నింటికి వచ్చింది?"

"తొమ్మిదిన్నరకి."

"ఎవరు తెచ్చారు?"

ఆవిడ కత్తిని తుడిచింది. బోర్లించింది. మళ్ళీ తుడిచింది.

"హ్యాంగ్‌సుక్‌గారూ."

"మా ఆయన," అంది చివరికి. "బజారు నుంచి వేడివేడిగా తెచ్చారు. నేనొచ్చేదాకా ఇంట్లో ఆయన, అత్తయ్యగారే ఉన్నారు. ఆవిడ స్నానానికి వెళ్ళారట."

"కన్నకొడుకు ఆ నోటునెందుకు పాడు చేస్తాడు అక్కగారూ?" తాక్ గొంతులో ఎగతాళి లేదు. మొదటిసారి నిజంగా అడిగాడు.

"ఆ ఫ్రేము ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. సంచీ విప్పి, కొత్త చీటీ మీద తడిగుడ్డ అద్ది, మూల పట్టుకుని లాగాను. ఆరని బంక కాబట్టి తేలిగ్గా వచ్చేసింది. కింద పసుపుపచ్చగా మారిన కాగితం, కుంచెతో రాసిన అక్షరాలు. పైకి చదివాను.

"'మా గితేక్ రెండేళ్ళప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాడు. అందుకే బ్యాంకులో ఇవ్వలేదు. 1962.'"

హ్యాంగ్‌సుక్ గోడకి ఆనుకుంది.

"పరీక్ష తప్పిన ప్రతిసారీ పైకెళ్ళి దాని ముందు కూర్చునేవారండీ," అంది. "ఆ గోడంతా తమ్ముడిదీ, యుల్‌గోక్‌దీ. అదొక్కటే తనది. పెళ్ళైన కొత్తలో నన్ను తీసుకెళ్ళి చూపించారు కూడా. 'ఇదిగో, నేను నోటు మీద ఉన్నాను' అని నవ్వారు. ఆదివారం రాత్రి అత్తయ్యగారు దాన్ని బాబుకి ఇస్తానన్నప్పుడు నేను ఏడ్చాను, నా ఆడపిల్లలు గుర్తొచ్చి. ఆయన ఏడవలేదు. రెండు గిన్నెల అన్నం తిన్నారు. నాకప్పుడే తెలియాల్సింది."

నేను తాక్ వైపు చూశాను. అతను పెద్దావిడ ఫోను వివరాల కాగితం తీసి, వేలు పెట్టి వెతుకుతున్నాడు. వేలు ఒక చోట ఆగింది.

"పదకొండూ రెండుకి చివరి ఫోను. పెద్దకొడుక్కి. పదకొండు సెకన్లు. అప్పుడు వాడు బయట చుట్టాల కార్లు పెట్టిస్తున్నాడు, అవి అడ్డంగా ఉన్నాయని తల్లి చెప్పిందన్నాడు. నేను నమ్మాను."

"ఫ్రేము మీద గుడ్డ తీసి చూసుంటుంది. ఖాళీ. ఎవరిని పిలవాలో తల్లికి తెలియదా? కార్లు ఆపే చోటుకీ వెనక మెట్లకీ ఎంత దూరం?"

"పది అడుగులు."

తాక్ హాల్లోకి వెళ్ళి, ఆడ కానిస్టేబులుకి చెయ్యి ఊపాడు. "ఆవిణ్ణి వదిలెయ్." సెర్యోన్‌కి మాత్రం ఏమీ చెప్పలేదు. క్షమాపణ చెప్పడం అతనికి ట్రైనింగులో కూడా రాలేదు. ఆవిడ బిడ్డని ఎత్తుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. పళ్ళెంలో ఉన్నదాన్ని చూసింది, తోడికోడలి మొహం చూసింది, అక్కడే నిలబడింది.

పన్నెండూ నలభై ఆరు. నేను గెలిచాను. ఆ సంతోషం సరిగ్గా అతని గడియారంలో ముల్లు ఒకసారి తిరిగేంతసేపు ఉంది.

"ఆస్పత్రిలో పెద్దావిడ దగ్గర మీ మనిషి ఎవరున్నారు?" అన్నాను.

తాక్ చేతిలో కాగితం మడిచాడు.

"ముంగ్యూ, ఎవరున్నారు?"

"పన్నెండింటికి వెనక్కి పిలిచేశాను. దోషి ఇక్కడే ఉంది కదా అని..." అతని ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర తడిసిపోతోంది. "కొడుకున్నాడుగా, పొద్దున్నుంచి తల్లి చెయ్యి వదల్లేదు, పాపం అనుకున్నాను."

"వార్డుకి ఫోన్ చెయ్యి. కారు తియ్యమను. ఇప్పుడే."

అతను ఫోను చెవికి పెట్టుకుంటూ పరిగెత్తాడు. అవతల గంట మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యడం లేదు. అదే సమయానికి ఉప్పు జాడీ పక్కన హ్యాంగ్‌సుక్ ఫోను మోగింది. నాలుగోసారి. తెర మీద 'మా ఆయన' అని ఉంది.

నేను స్పీకరు నొక్కి, 'పారేశానని చెప్పండి' అని పెదవులతో అన్నాను. ఆవిడ ముందు నన్ను చూసింది, తర్వాత సెర్యోన్‌నీ బిడ్డనీ చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళ కడుపుమంట ఆ చూపులో ఒక్క క్షణం నిలబడి, పక్కకి తప్పుకుంది.

"పారేశావా?" అన్నాడు గితేక్. చాలా మర్యాదైన గొంతు.

"పారేశానండీ."

"సముద్రంలోనేనా?"

"సముద్రంలోనే."

"నోట్లతో సహా?"

"నోట్లతో సహా." ఆవిడ పీట మీది కత్తిని పక్కకి జరిపింది. "అత్తయ్యగారికి ఎలా ఉందండీ?"

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది, రోజంతా మోసిన మూట దింపినవాడిలా.

"ఇప్పుడే కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. నర్సుకింకా చెప్పలేదు," అన్నాడు. "అయితే ఇక అమ్మ ఒక్కతే మిగిలింది."

తలుపు గడియ పడిన చప్పుడైంది. లైను తెగిపోయింది.